వయొలిన్ బటన్ మీద ప్లాస్టరు

యాభై దాటి, నెత్తిన నాలుగు వెంట్రుకలు కూడా మిగలని మనిషిని ఒక నాటకశాల మొత్తం ‘తమ్ముడూ’ అని పిలుస్తుందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వుకోండి. అతనికే లేని అభ్యంతరం మనకెందుకు? గుమ్మం దగ్గర టికెట్లు చింపే ఆయన అతనికంటే చిన్నవాడు, ఆయనకీ తమ్ముడే. నిన్నగాక మొన్న చేరిన నటి కూడా ‘తమ్ముడుగారూ, కొంచెం శ్రుతి ఇవ్వరూ’ అంటుంది. అసలు సంగతేమిటంటే, ఆ నాటకశాలకు ముందు వచ్చింది అక్క. వయొలిన్ వాయించే అక్కగారు. ఆమె వెనకాల కీబోర్డు మోసుకుంటూ వచ్చాడు కాబట్టి ఇతను తమ్ముడయ్యాడు, అలాగే ఉండిపోయాడు.

వేదిక ముందు, ప్రేక్షకులకు కనపడకుండా, నడుము లోతు గుంట ఒకటి ఉంటుంది. సంగీతం వాళ్ళు కూర్చునేది అందులోనే. ఒకప్పుడు ఆ గుంట నిండా మనుషులు ఉండేవారట. తమ్ముడు వచ్చేనాటికి అక్కా, డ్రమ్ములాయనా మిగిలారు. నడుం నొప్పని డ్రమ్ములాయన కూడా మానేశాక ఇక మిగతావన్నీ తమ్ముడి నెత్తినే పడ్డాయి. పిల్లనగ్రోవి కావాలంటే తమ్ముడు, బాకా కావాలంటే తమ్ముడు. వాన, ఉరుము, దూరంగా పోయే రైలు, పక్కింటి కుక్క, అన్నీ అతని నల్ల పెట్టెలోంచి రావలసిందే. ఎవరైనా మెచ్చుకుంటే, ‘మనది నకిలీ సరుకండీ. కాకపోతే కొంచెం నమ్మకంగా అమ్ముతాం’ అనేవాడు.

ఆ పెట్టె పాతకాలపు సింథసైజర్. దాని మీద వరసగా బటన్లు, ఒక్కో బటన్‌కి ఒక్కో వాయిద్యం. అందులో ఒక్క బటన్ మీద మాత్రం తెల్లటి మందుల ప్లాస్టరు ముక్క అంటించి ఉండేది. అది వయొలిన్ బటన్. ప్లాస్టరు అంటించింది తమ్ముడే, ఆ పెట్టెతో గుంటలోకి దిగిన మొదటి రోజునే. అక్క అడగలేదు, ఆమాటకొస్తే అక్కకు ఆ సంగతే తెలియదు. పక్కన అసలు వయొలిన్ పెట్టుకుని నకిలీది నొక్కడానికి అతనికి చేతులు రాలేదు, అంతే. ప్లాస్టరు మాసిపోతే ఊడబీకి కొత్తది వేసేవాడు.

చేతులు ఎందుకు రాలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. వాళ్ళమ్మ తొందరగా పోయింది. తండ్రి ఉన్నా లేనట్టే. తమ్ముణ్ణి పెంచింది అక్కే. పగలంతా ఇళ్ళకు వెళ్ళి పిల్లలకు వయొలిన్ చెప్పేది, సాయంత్రం నాటకశాల గుంటలో కూర్చునేది. తమ్ముడికి కూడా నేర్పబోయింది. వాడి ఎడమచేతి వేళ్ళు తీగల మీద చక్కగానే పరుగెత్తేవి, చెవి కూడా మంచిదే. కుడిచెయ్యి దగ్గరే వచ్చింది చిక్కంతా. తీగల మీద కమాను లాగితే కట్టెలు కోస్తున్నట్టుండేది. కింది వాటాలోవాళ్ళు ‘వడ్రంగం పని ఇంకా ఎన్నాళ్ళు?’ అని మర్యాదగా కనుక్కున్నారు కూడా. అక్క ఒక్క మాట అనలేదు. ఒకరోజు ఎవరో వాడి వదిలేసిన ఈ నల్ల పెట్టెను భుజాన వేసుకుని, మెట్లన్నీ ఎక్కి, ఆయాసపడుతూ వచ్చి మంచం మీద పెట్టింది.

“కమాను రానివాడికి ఈ కీబోర్డు మెట్లన్నా వస్తాయేమో చూద్దాం, కూర్చో,” అంది.

వచ్చాయి. వాటితోనే అతని బతుకు గడిచింది, పెళ్ళయింది, ఇల్లు నిలబడింది. ఆ పెట్టె కొన్న ఏడాదే అక్క వయొలిన్ పెట్టె తాళం విరిగింది. కొత్తది కొనుక్కోకుండా పాత బెల్టు ఒకటి చుట్టి బిగించుకుంది. ఆ బెల్టు ఇప్పటికీ అలాగే ఉంది. తమ్ముడు దాన్ని చూసిన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పాలనుకునేవాడు. ఏమని చెప్తాడు, పాపం? సొంత అక్కకి థాంక్స్ చెబితే చెంప పగలగొడుతుంది.

అలాంటి అక్కకు చెయ్యి వణకడం మొదలైంది. ముందు కాఫీ కప్పులో కనిపించింది, తరవాత కమానులో. డాక్టరు మాత్రలిచ్చాడు. పొద్దున మాత్ర వేసుకున్నాక కాసేపు చెయ్యి మాట వింటుంది, ఆ తరవాత దాని ఇష్టం దానిదే. కొత్త నాటకం రిహార్సల్లో అది పూర్తిగా బయటపడిపోయింది. ఆ నాటకం రెండో సగంలో మాటల్లేని రంగం ఒకటుంది. ఒక ముసలావిడ ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు ఒక్కొక్కటే పెట్టెలో సర్దుకుంటుంది. ఆవిడ మనసులో ఉన్నదంతా వయొలిన్ ఒక్కటే చెప్పాలి. అక్క కమాను తీగ మీద ఆనించగానే అది టపటపా ఎగిరింది. మళ్ళీ ఆనించింది, మళ్ళీ ఎగిరింది. వేదిక మీద ముసలావిడ వేషం కట్టినామె చేతిలో గిన్నెతో అలాగే నిలబడిపోయింది. అక్క వయొలిన్ పెట్టెలో పెట్టి, బెల్టు బిగించి, “ఇంక నావల్ల కాదు నాయనా, వేరే ఏర్పాటు చూసుకో,” అని డైరెక్టరుతో చెప్పి గుంట ఎక్కి వెళ్ళిపోయింది.

డైరెక్టరు మంచివాడే. మర్నాడు తమ్ముణ్ణి పక్కకు పిలిచాడు.

“బయటినుంచి ఎవర్నన్నా తెస్తే అక్కగారి కుర్చీలో పరాయివాళ్ళు కూర్చున్నట్టుంటుంది తమ్ముడూ. నువ్వే వాయిస్తే ఇంట్లోవాళ్ళు కూర్చున్నట్టు. నీ పెట్టెలో వయొలిన్ కూడా ఉంటుంది కదా?”

తమ్ముడు ఉందని చెప్పలేడు, లేదని అబద్ధమాడలేడు. తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క కిటికీ పక్కన ఊరికే కూర్చుని ఉంది. రేడియో ఆపేసి ఉంది. పొద్దున్నే పాట వినకపోతే మంచం దిగని మనిషి ఆమె. విషయం చెప్పాడు. ఆమె కిటికీలోంచి చూపు తిప్పకుండా వింది.

“వాయించు. నాకేం బాధ లేదు,” అంది. అప్పుడు అతనివైపు తిరిగి, “మొదటి ఆటకి వస్తాను. ముందు వరసలో కూర్చుంటాను. అది వయొలిన్‌లా లేకపోతే మాత్రం లేచి వెళ్ళిపోతాను. మళ్ళీ ఆ నాటకశాల వీధి మొహం చూడను,” అంది.

అక్క ఆడి తప్పే మనిషి కాదు. లేచి వెళ్ళిపోతానంటే వెళ్ళిపోతుంది. తన జీవితమంతా ఒక బటన్ నొక్కితే వచ్చేదేనని ఆమె అనుకుని వెళ్ళిపోతే, ఆ తప్పు ఎవరి వేలిది? ఇంటికి వస్తున్నంతసేపూ తమ్ముడు తన చూపుడువేలి వంకే చూసుకున్నాడు.

ఆ సాయంత్రం ప్లాస్టరు ఊడదీశాడు. ఇన్నేళ్ళూ ఎండ తగలని ఆ బటన్ కొత్తగా మెరుస్తోంది, చుట్టూ జిగురు మరక. నొక్కి వాయించాడు. వంటింట్లోంచి భార్య తొంగిచూసింది.

“ఏవండీ, ఎవరికి జలుబు చేసింది?”

ఆవిడ నోటికి దడవనివాళ్ళు ఆ వీధిలో లేరు. కానీ మాట అబద్ధం కాదు. ఆ పెట్టె పుట్టిన కాలంలో వాయిద్యాల శబ్దాలను లోపల కరెంటుతోనే వండేవారు. పిల్లనగ్రోవి, బాకా ఎలాగో నెట్టుకొచ్చినా వయొలిన్ దగ్గర దాని బండారం బయటపడింది. ముక్కుతో పాడుతున్నట్టుంది.

నాటకశాలలో లైట్లు చూసుకునే ఆయన ఒకడున్నాడు, ప్రతి కొత్త వస్తువుకూ ఎగబడే రకం. “ఇంకా ఆ డొక్కు పెట్టె ఏంటి తమ్ముడూ, పాతసామాన్లవాడికి వేసెయ్. ఇప్పుడంతా కంప్యూటర్లోనే. ఎవరో గొప్ప విద్వాంసుడి చేత ఒక్కొక్క స్వరమూ వాయించి రికార్డు చేసి పెడతారు. నువ్వు మెట్టు నొక్కితే ఆయన స్వరమే పలుకుతుంది. ఇంకేం కావాలి?” అని తన కంప్యూటర్లోంచి ఆ సాఫ్ట్‌వేర్ వయొలిన్‌ని తమ్ముడి కంప్యూటర్లోకి ఎక్కించి ఇచ్చాడు. కీబోర్డుకీ కంప్యూటర్‌కీ మధ్య ఒక తీగ తగిలించి మెట్టు నొక్కాడు తమ్ముడు. అచ్చంగా వయొలినే. కర్ర వాసన కూడా వస్తోందా అనిపించింది. రెండో స్వరం నొక్కాడు, మూడోది నొక్కాడు. ఒక్కొక్కటీ ముత్యమే. కానీ వరసగా వాయిస్తే ముత్యాలకూ ముత్యాలకూ పరిచయమే లేదు. పెళ్ళి ఫొటోలో బలవంతాన పక్కపక్కన నిలబెట్టిన చుట్టాల్లా ఎవరి మొహం వాళ్ళదే.

ఈ రెండిట్లో ఏది గొప్పదని కొట్టుకునే పెద్దమనుషులున్నారు. హార్డ్‌వేర్ పార్టీ ఒకటి, సాఫ్ట్‌వేర్ పార్టీ ఒకటి. ఒకరు నోరెత్తితే రెండోవారు ఒంటికాలి మీద లేస్తారు. వాళ్ళని అలా లేవనిద్దాం. తమ్ముడికి కావలసింది అక్క తీర్పు ఒక్కటే. రెండూ మోసుకుని ఆమె ఇంటికి వెళ్ళాడు. మొహం గోడవైపు తిప్పుకుని కూర్చోమన్నాడు. ముందు పాత పెట్టెతో వాయించాడు, తరవాత కంప్యూటర్‌తో.

“మొదటిది వయొలిన్ కాదురా. కానీ ఎవరో మనిషి వాయిస్తున్నాడు. రెండోది వయొలినే. మనిషి లేడు,” అంది అక్క గోడకేసి చూస్తూనే.

“మరేం చెయ్యమంటావు?”

“నన్నడుగుతావేం? వాయించేది నువ్వు.”

ఆ రోజు మెట్లు దిగుతూ సగంలో ఆగిపోయాడు. ఎవరో విద్వాంసుడి స్వరాలను రికార్డు చేయగా లేనిది, అక్క స్వరాలను చేస్తే? పాట మొత్తం వాయించే శక్తి ఆ చేతికి లేదు. కానీ పొద్దున మాత్ర పనిచేస్తున్నప్పుడు ఒక్క స్వరం, కమాను ఈ కొసనుంచి ఆ కొస దాకా ఒకే ఒక్కసారి, లాగలేదా? మళ్ళీ పైకెక్కి తలుపు కొట్టాడు. అక్క ముందు గయ్యిమంది. చచ్చినవాళ్ళ ఫొటో తీసినట్టు ఇదేం పిచ్చి అంది. తరవాత చెయ్యి చాచి, దాని వంక చూసుకుని, “పొద్దున్నే రా. కాఫీ నాకు నువ్వే పెట్టాలి,” అంది.

అలా మొదలైంది. ఆమె పడకగదిలో కిటికీకి పరుపు అడ్డంగా నిలబెట్టాడు. ఫ్రిజ్ ఆపాడు, గోడ గడియారం తీసుకెళ్ళి పక్కగదిలో దుప్పట్లో చుట్టాడు. లిఫ్టు కదిలితే ఆగడం, పైవాళ్ళు కుర్చీ లాగితే ఆగడం. చెయ్యి వణికితే అది తగ్గేదాకా ఇద్దరూ కబుర్లు చెప్పుకోవడం. ఒక్కో స్వరమూ కమాను పైకి ఒకసారి, కిందికి ఒకసారి, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. మంచి స్వరం పడితే ఆమె కళ్ళెగరేసేది. పడకపోతే, “ఇది ఆ డ్రమ్ములాయనకి పంపించు,” అనేది. చాలా రోజుల తరవాత అక్క నవ్వడం చూసి తమ్ముడికి ఇదెప్పటికీ పూర్తికాకుండా ఉంటే బాగుండుననిపించింది. నిజం చెప్పాలంటే ఒకటి రెండు స్వరాలు బాగానే వచ్చినా బాగా రాలేదని మళ్ళీ వాయించమన్నాడు.

ఆ తరవాత చేశాడు చెయ్యవలసిన తప్పు. ఇలాంటి తప్పు ఈ పని తెలిసినవాళ్ళే చేస్తారు, తెలియనివాళ్ళకు చేతకాదు. రికార్డు చేసినవన్నీ ఇంటికి తెచ్చి, ముందేసుకుని శుభ్రం చేయడం మొదలుపెట్టాడు. ప్రతి స్వరానికీ ముందు అక్క ముక్కుతో చిన్నగా ఊపిరి పీల్చుకున్న చప్పుడుంది. అది కత్తిరించాడు. కమాను తీగను పట్టుకునేటప్పుడు రవ్వంత గీరుడుంది. అది కత్తిరించాడు. కుర్చీ కిర్రుమన్నది, చివర్లో చెయ్యి కొంచెం తొణికినది, అన్నీ తీసేశాడు. హెచ్చుతగ్గులు లేకుండా అన్నిటినీ ఒక్క మట్టానికి తెచ్చాడు. తలప్రాణం తోకకొచ్చింది గానీ, అద్దంలా వచ్చిందని మురిసిపోయాడు. మెట్టు నొక్కితే చాలు, మచ్చలేని స్వరం.

కంప్యూటరూ పెట్టే పట్టుకుని పరుగుపరుగున అక్క దగ్గరికి వెళ్ళాడు. ముసలావిడ సామాన్లు సర్దుకునే రంగంలోని పాటంతా వాయించాడు. అక్క చివరిదాకా వింది.

“ఎవరా అమ్మాయి? బాగానే వాయిస్తోంది. ఎక్కడ నేర్చుకుందో,” అంది.

తమ్ముడు మెట్ల మీంచి చేతులు తీసేశాడు. అతని మొహం చూసి అక్కకే అర్థమైంది. ఆమె కాసేపు తన కుడిచేతిని ఎడమచేతిలో పట్టుకుని కూర్చుంది.

“నేనేనా అది?” అంది. “నా స్వరం నేనే పోల్చుకోలేదంటే ఇంక ఎవరు పోలుస్తార్రా? ఆపెయ్. నీకు దణ్ణం పెడతాను, ఆ డైరెక్టర్‌తో చెప్పు, ఎవర్నో ఒకర్ని పిలుచుకోమను.”

ఉసూరుమంటూ ఇంటికి వచ్చాడు. భార్య పెట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. అప్పుడప్పుడూ పని ఇంటికి తెచ్చుకుంటుంది. ఆ సాయంత్రం బల్ల మీద మైనపు చిగుళ్ళు పెట్టుకుని, చిన్న చాకుతో ఒక పన్ను రవ్వంత వంకర తిప్పుతోంది. తమ్ముడు కుర్చీలో కూలబడి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ పని ఆపకుండా విని, ఇంతకీ ఏమేం కత్తిరించారని అడిగింది. ఒక్కొక్కటే చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆవిడ చేతిలోని పన్నుకేసి చూశాడు.

“దాన్నెందుకు వంకర తిప్పుతున్నావు? తిన్నగానే ఉందిగా?”

“తిన్నగా ఉంది కాబట్టే. ఈయన సొంత పన్ను ఇలాగే పక్కకి ఒరిగి ఉండేదట, వాళ్ళావిడ పాత ఫొటో ఇచ్చింది. కొత్తగా చేరిన పిల్లలు అన్నీ తెల్లగా, వరసగా పెట్టేస్తారు. మనిషి నోరు తెరిస్తే ఇంట్లోవాళ్ళే ఎవరో అనుకుంటారు.” ఆవిడ చాకు కింద పెట్టింది. “మీరు వదినకి పెట్టుడు పళ్ళు పెట్టారండీ. అదీ కొత్తపిల్లలు పెట్టినట్టు.”

తమ్ముడికి నవ్వొచ్చింది. నవ్వు పూర్తికాకముందే కళ్ళు తడిశాయి. ఆవిడ అది చూడనట్టు నటించి మళ్ళీ పన్ను మీద పడింది. అంత నోరున్న మనిషి ఎప్పుడు మాట్లాడకూడదో కూడా తెలిసినదవడం అతని అదృష్టం. ఆ మాట అతను పెళ్ళయిన దగ్గర్నుంచీ మనసులో అనుకుంటూనే ఉన్నాడు.

కత్తిరించని అసలు రికార్డింగులు కంప్యూటర్లో భద్రంగానే ఉన్నాయి. వాటినే పెట్టాడు. ఊపిరితో, గీరుడుతో, కుర్చీ కిర్రుతో. మెట్టు నొక్కగానే గదిలోకి అక్క వచ్చి కూర్చుంది. అది తిరుగులేకుండా అక్కే. అయితే చిక్కు సగమే తీరింది. ఒక్కో స్వరం అక్కదే గానీ, ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి జారడం, మధ్యలో ఉబకడం, తగ్గడం, అవి కమాను పని. మెట్లకు కమాను ఎక్కడుంది?

ఉంది. పాత పెట్టె వెనక ఒక చిన్న రంధ్రం ఉంది. అందులో ఒక గొట్టం తగిలించి, రెండో కొస నోట్లో పెట్టుకుని ఊదుతూ వాయించవచ్చు. గట్టిగా ఊదితే స్వరం ఉబుకుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది, ఆపితే ఆగిపోతుంది. పిల్లనగ్రోవి కోసం తమ్ముడు దాన్నే వాడేవాడు. కంప్యూటర్లోని స్వరాలకు కూడా అదే ఊపిరి అందేలా తీగ కలిపాడు. ఎవరో, ఎక్కడో, ఆ పెట్టె తయారుచేసిన మనిషి, ఎవరూ అడగకుండానే దాని వెనక ఒక రంధ్రం పెట్టాడు. ఎక్కడున్నా అతను చల్లగా ఉండాలి. లైట్లాయన మాట విని పెట్టెను పాతసామాన్లలో వేసి ఉంటే ఈ కథ ఇక్కడితో సరి.

తమ్ముడు గొట్టం నోట్లో పెట్టుకుని వాయించాడు. పాలు చల్లార్చుతున్నట్టు వచ్చింది. ఎక్కడ ఉబకాలో అక్కడ తుస్సుమంది, ఎక్కడ తగ్గాలో అక్కడ ఎగదన్నింది. కమాను చేతికి రానివాడికి నోటికి మాత్రం ఎలా వస్తుంది? అడగడానికి మిగిలింది ఒక్కరే. ఇంక ఆపెయ్యమన్న గుమ్మానికే మళ్ళీ వెళ్ళాడు.

అక్క తలుపు తీసి, అతన్నీ పెట్టెనూ చూసి లోపలికి వెళ్ళింది. పొమ్మనలేదు కాబట్టి రమ్మన్నట్టే అనుకున్నాడు. బల్ల మీద అన్నీ సర్దుకుని, ఒక్క స్వరం మాత్రం నొక్కి, ఊదాడు. ఆమె చటుక్కున తల తిప్పింది.

“నా కుర్చీ కిర్రుమంది,” అంది.

“తీసెయ్యలేదు. ఏదీ తియ్యలేదు అక్కా. నువ్వు ఊపిరి పీల్చుకున్నది కూడా ఉంది. కమాను ఎలా లాగాలో చెప్పు చాలు, నేను ఊదుకుంటాను.”

ఆమె చెప్పింది. అతను ఊదాడు. ఆమె మళ్ళీ చెప్పింది. అతను మళ్ళీ ఊదాడు. చెప్పినకొద్దీ అధ్వాన్నమైంది. చిన్నప్పుడు కమాను నేర్పేటప్పుడున్నంత ఓపిక ఇప్పుడు ఆమెకు లేదు. విసుగెత్తి, “ఇలా తే,” అని అతని నోట్లోంచి గొట్టం లాక్కుంది.

“ఉండక్కా, ఎంగిలి. కడుక్కొస్తాను.”

“నీ ఎంగిలి నాకు కొత్తా? వాయించు,” అని గొట్టం నోట్లో పెట్టుకుంది.

అతను మెట్టు నొక్కాడు. ఆమె, ఎప్పుడూ కమాను తీగ మీద పెట్టేముందు చేసినట్టే, ముక్కుతో చిన్నగా ఊపిరి తీసుకుని, వదిలింది. స్వరం వచ్చింది. సన్నగా మొదలై, మధ్యలో నిండుగా పెరిగి, కొసన ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. తమ్ముడి వేళ్ళు రెండో స్వరానికి వెళ్ళాయి, మూడోదానికి వెళ్ళాయి. ఆమె ఊపిరి వాటిని కలుపుకుంటూ పోయింది. ఇన్నేళ్ళూ ఆమె కమానును చేత్తో లాగిందని అందరూ అనుకున్నారు. కమాను కదిలిన ప్రతిసారీ ఊపిరి కూడా దానితో కదిలింది. చేతికి వచ్చిందంతా ఊపిరికి ఎప్పుడో వచ్చేసింది. చెయ్యి వణికినా ఊపిరి వణకలేదు. తమ్ముడు కత్తిరించి పారేసిన ఆ ముక్కు చప్పుడులోనే అదంతా ఉంది.

పాట అయిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆమె గొట్టం తీసి కీబోర్డు మీద పెట్టబోతూ, బటన్ల వరసలో ఒకదాని చుట్టూ ఉన్న జిగురు మరక చూసింది.

“ఇదేంటిరా, ఇంత మురికి?”

“ప్లాస్టరు ఉండేది.”

“బటన్ మీద ప్లాస్టరేంటి? ఏం బటన్ అది?”

“వయొలిన్.”

“ఎప్పట్నుంచి?”

“దీంతో గుంటలోకి దిగిన మొదటి రోజునుంచి.”

ఆమె గోటితో ఆ జిగురును కాసేపు గీకింది. చెయ్యి వణుకుతోంది కాబట్టి సరిగా రాలేదు. తరవాత లేచి వెళ్ళి రేడియో పెట్టింది.

మొదటి ఆట నాడు ముందు వరసలో అక్క కోసం ఉంచిన సీటు ఖాళీగా ఉంది. గుంటలో ఒక కీబోర్డు, రెండు కుర్చీలు. గొట్టం పొట్టిది కావడం వల్ల ఇద్దరూ భుజాలు రాసుకుంటూ కూర్చోవలసి వచ్చింది. లైట్లాయన పైనుంచి చూసి, నోరు తెరవబోయి, మానుకున్నాడు. అది కూడా ఆయన చేసిన సాయమే.

ముసలావిడ రంగం వచ్చింది. వేదిక మీద ఆవిడ గిన్నె తీసింది, గుడ్డతో తుడిచింది. తమ్ముడు వాయిస్తున్నాడు, అక్క ఊదుతోంది. సగం పాట సాఫీగా పోయింది. తరవాతి స్వరం మీద అతను వేలు పెట్టాడు, శబ్దం లేదు. తీగ ఊడిందా, కంప్యూటర్ ఆగిందా అని కంగారుగా పక్కకు చూశాడు. అక్క ఊపిరి బిగబట్టి, తల పైకెత్తి, వేదికకేసి చూస్తోంది. వేదిక మీద ఆమె గిన్నెను పెట్టెలో పెట్టలేక చేతుల్లోనే పట్టుకుని నిలబడి ఉంది. అక్క ఆమె కోసం ఆగింది. ఆ గుంటలో ఉన్నన్నాళ్ళూ నటుల కోసం అలాగే ఆగేది. తమ్ముడు మెట్టు మీంచి వేలు తీయకుండా కూర్చున్నాడు. గిన్నె మెల్లగా పెట్టెలోకి దిగింది. అప్పుడు అక్క ఊపిరి వదిలింది. స్వరం వచ్చింది. తమ్ముడికి ఎదురుగా ఉన్న మెట్లు మసకబారాయి. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకుని, బస్సు వెళ్ళేదాకా ఆపి, అప్పుడు లాక్కెళ్ళేది. ఇప్పుడూ అంతే. నేను అక్క బదులు వాయిస్తున్నాననుకున్నాను, ఇంకా అక్కే నన్ను దాటిస్తోంది అనుకున్నాడు.

నాటకం అయిపోయింది. చప్పట్లయ్యాయి. జనం వెళ్ళిపోయారు. టికెట్లు చింపే ఆయన గుంట అంచు దాకా వచ్చి, “అక్కగారూ, చెయ్యి నయమైందన్నమాట. బయటికి వినిపించింది, మీ వయొలినే అనుకున్నాను,” అన్నాడు.

“చెయ్యి నయం కాలేదు,” అంది అక్క. “తమ్ముడున్నాడు.”

లేచి వెళ్ళిపోతానన్న మనిషి ఎంతకీ కుర్చీలోంచి లేవలేదు. పైన దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. డైరెక్టరు తొంగిచూసి, లైట్లన్నీ తీసేస్తున్నాం అక్కగారూ అన్నాడు. తీసుకోండి, మేం ఎప్పుడూ చీకట్లో కూర్చునేవాళ్ళమేగా అంది. తమ్ముడికి ఇదే సమయమనిపించింది. ఇన్నేళ్ళూ గొంతులో ఉన్నదాన్ని బయటికి తేవాలని చూశాడు.

“అక్కా, ఆ రోజు నువ్వు ఆ పెట్టె మోసుకుని మెట్లెక్కకపోతే నేను...”

“రేపు కుర్చీ కొంచెం ఎడంగా వెయ్,” అంది అక్క. “నీ మోచెయ్యి తగులుతోంది.”

రేపు. ఆ మాటతో అతని కడుపు నిండిపోయింది. మిగతాది చెప్పనవసరం లేకపోయింది. మర్నాడు అందరికంటే ముందు వచ్చి, గొట్టం కడిగి ఆరబెట్టి, కుర్చీలు రెండూ ఎడంగానే వేశాడు. అక్క వచ్చి, వాటి మధ్య ఎడం చూసి, తన కుర్చీని మళ్ళీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది.